రబ్బరునకు వచ్చు వార్ధక్యము

ఈ వారము నాకు కోపము తెప్పించినవాడు మా ఊరి నింపురా పేటలోని మిస్త్రీ. నా అంబాసిడరు సంగతి ఈ శీర్షిక చదువువారికి క్రొత్త గాదు. దాని పంపు దగ్గర పెట్రోలు వాసన వచ్చుచున్నదని బండిని వాని యొద్దకు తీసికొనిపోగా, చెమర్చుచున్న జానెడు పైపును మార్చి పంపునని నేననుకొన్న ఆ మనిషి, బానెట్టెత్తి, టార్చిలైటు వేసి, పెట్రోలు దారిలో రబ్బరు ఉన్నంత మేర దానినంతటిని, దానితోబాటు ట్యాపెట్ కవరు నుండి ఎయిర్ క్లీనరునకు పోవు బ్రీదరు పైపును సైతము, ఊడదీసి పారవేయవలసినదే యని తీర్పు చెప్పినాడు.

"ఒకటి పోయిందంటే మిగతావీ దాని తోటివే కదండీ మాస్టారూ!"

పాతదానిని పారవేయుటలో నేటివారికి గల ఉత్సాహమును గూర్చి నేనిక్కడ ఎన్నిసార్లు మొఱపెట్టుకొన్నానో పాఠకులెరుగుదురు. బాగుచేయదగిన వస్తువును బాగుచేయకుండుట ఒక విధమైన కృతఘ్నత యనియు, చేతితో తాకి చూడకుండ దేనికిని మరణశాసనము వ్రాయరాదనియు నా నమ్మకము. ఆ నమ్మకము నాకు పుస్తకముల వలన వచ్చినది కాదు, రైల్వే యార్డులో వచ్చినది.

శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల పల్లెల నుండి బెంగాల్ నాగపూర్ రైల్వే కాలము మొదలుకొని ఈ రైల్వే ఊరికి తరలివచ్చి, నింపురాలోను మథురాకాటిలోను కాపురములు పెట్టి, కార్ఖానా కూతతో నిద్రలేచి కూతతో ఇల్లుచేరిన కుటుంబములలో మాదియు నొకటి. మా నాన్నగారు క్యారేజి అండ్ వ్యాగన్ శాఖలో ఫిట్టరు. ఆ దినములలో రైలుబండ్లకు వాక్యూం బ్రేకు లుండెడివి. ఇంజనులోని ఎజెక్టరు బండి పొడవునను గల గొట్టములోని గాలిని లాగివేయును. ఆ శూన్యము నిలిచియున్నంతసేపు బ్రేకు విడిచియుండును. ఎక్కడనైనను గాలి చొరబడినచో సిలిండరులోని పిస్టను పైకి లేచి బ్రేకు పట్టును. పెట్టెకును పెట్టెకును నడుమ ఈ శూన్యమును మోయునది లావుపాటి రబ్బరు హోస్ పైపు. చిట్టచివరి పెట్టె వెనుక దాని మూతిని డమ్మీకి తగిలించి బంధించెడివారు. ఇంత బరువైన ఇనుప వ్యవస్థకు ప్రాణము ఆ రబ్బరు తిత్తులలో నుండుట చిన్ననాడు నాకు మహాశ్చర్యముగా తోచెడిది.

నాన్నగారికి అన్నము తీసికొనిపోయిన ఒక మధ్యాహ్నము ఆయన పని చేయు తీరు చూచినాను. ఒక్కొక్క హోస్ పైపును రెండు చేతులతో పట్టి విల్లువలె వంచి, వంపు వెలుపలి వైపున బొటనవ్రేలిని మెల్లగా నడిపెడివారు. రబ్బరు సాగినచోటనే పగులు కనబడునని ఆయన చెప్పినారు. పగులు లేనిదానిని మరల తగిలించి, వాషరు సరిచూచి, ముందుకు సాగిపోయెడివారు. పగులు పైపైనిదో, లోని గుడ్డను చేరినదో గోటి మొనతో తేల్చుకొని, చేరినదానినే విప్పి ప్రక్కన పడవేసెడివారు. రైల్వే సొమ్మును తన సొమ్మువలె చూచుకొన్న మనిషి యొక్క నిదానము అది. కంటికంటె వ్రేలు నమ్మదగినదని నేను తఱచు వ్రాయు మాట ఆ బొటనవ్రేలిని చూచిన కన్నులు వ్రాయించుచున్న మాటయే.

కావున మిస్త్రీతో వాదమునకు దిగినాను. కారుచున్న పైపును మార్చుము, తక్కినవానిని నేను వంచి చూచెదను అంటిని. వాడు మారుమాటాడక, ఊడదీసిన పైపులలో మిక్కిలి నిగనిగలాడుచున్నదానిని ఎన్నుకొని, నా చేతి కిచ్చినాడు. వంచితిని, వ్రేలు నడిపితిని, వెంట్రుకవాసి పగులైనను తగులలేదు. అప్పుడు దానిని తీసికొని బ్లేడుతో నిలువునా చీల్చి తెఱచి చూపినాడు. లోపలి పొర ఎండిన చెరువు అడుగువలె నెఱ్ఱెలు బారియున్నది. వ్రేలితో రాచినచో నల్లని రజను రాలి, గోటి సందున నిలిచినది. కార్బ్యురేటరు జెట్టుకు తఱచు అడ్డుపడుచున్న మసి ఏదో, ఎక్కడిదో, అప్పుడు తెలిసినది.

పెట్రోలు పైపు ఒకే పదార్థము కాదు. లోపల ఇంధనమును ఓర్చుకొనవలసిన పొర, నడుమ నూలు అల్లిక, పైన ఎండను గాలిని ఓర్చుకొనవలసిన తొడుగు. 1839లో ఛార్లెస్ గుడ్‌ఇయర్ గంధకముతో కాచి గట్టిపఱచిన సహజమైన రబ్బరు నీటికిని గాలికిని చాలినదే గాని, పెట్రోలు తగిలినచో ఉబ్బి మెత్తబడిపోవును. ఆ కొఱత తీర్చుటకు 1930ల దశాబ్దమున జర్మనీలో నైట్రైల్ రబ్బరు పుట్టినది. అది నూనెను పెట్రోలును ఓర్చుకొనును గాని, గాలిలోని ఓజోనునకు నిలువజాలదు. అందుకే దానిపై వేఱొక తొడుగు. వేడి రబ్బరును ఏటేట బిఱుసెక్కించును; పెట్రోలు దానిలోని మెత్తదనమును కొద్దికొద్దిగా కడిగివేయును; బండి నెలల తరబడి కదలక నిలిచిపోయినచో పైపు ఎండి, కుంచించుకొని, పగులును. ఇంటిముందు గుడ్డ కప్పి పెట్టిన కారు భద్రముగా నున్నదనుకొందుము. రబ్బరు విషయమున దినదినము తిరుగు బండియే దానికంటె నయము.

ఇదంతయు ఇథనాలు చేసిన పని యని మిత్రుడొకడు తేల్చివేసినాడు. 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు 2023లో బంకులకు వచ్చుట మొదలై 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. పూర్వపు పైపులు దానిని ఉద్దేశించి చేసినవి కావు. అది లోపలి పొరను ఉబ్బించుననుట సత్యమే. కాని నా బండిలోని పైపులు అంతకు మునుపే ముదిరినవి. దోషమంతయు క్రొత్త ఇంధనముపై మోపినచో పాత పైపును చూడవలసిన పని తప్పునను ఆశ అందులో కొంత దాగియున్నది.

నాన్నగారి బొటనవ్రేలి న్యాయము ఇక్కడ ఏల చెల్లదో ఆలోచించుచు రెండు దినములు గడపినాను. వాక్యూం పైపు చిల్లుపడినచో గాలి లోపలికి పోవును, బ్రేకు పట్టును, బండి నిలుచును. డ్రైవరు దిగి వెదకును. తన లోపమును తానే చాటుకొని ప్రాణములు కాపాడు విధముగా దానిని కల్పించినవారు ఏర్పఱచిరి. అట్టిదానిని ఒక్కొక్కటిగా పరీక్షించి, మంచిదానిని మిగుల్చుకొనుట వివేకమే. పెట్రోలు పైపు చిల్లుపడినను బండి ఆగదు. కాగిన ఇంజనుపై బొట్టుబొట్టుగా రాలుచు, మనలను ఇంకను ముందుకు తీసికొనిపోవును. 1960, 70 దశాబ్దములలో యూరపు నుండి భూమార్గమున మన దేశమునకు యువకులు వేసికొనివచ్చిన ఫోక్స్‌వ్యాగన్ వ్యానులు, అందులోనే వండుకొని అందులోనే పరుండు ఆ సంచారగృహములు, ఈ విషయమున లోకప్రసిద్ధములు. ఇంజను వెనుక, దానిని ఆనుకొని ట్యాంకు, నడుమ వ్రేలెడు లావు రబ్బరు. క్రింద మెగ్నీషియం మిశ్రలోహపు క్రాంక్‌కేసు. అది ఒకసారి అంటుకొన్నచో నీళ్లు చల్లినకొలది రేగును. అట్టి వ్యానుల నిప్పటికిని ప్రేమతో పోషించుకొనువారు పైపులను పాడైన పిమ్మట గాక, గడువు పెట్టుకొని అన్నిటిని ఒక్కసారే మార్చుట అందుకే. ఇంజనును, తలుపులను, సీట్లను, స్టీరింగును ఎంత పాతవైనను నిలుపుకొందును. రబ్బరును మాత్రము నిలుపుకొనను. మిస్త్రీ చెప్పినదే నా మాట కూడ.

బ్రీదరు పైపు మాత్రము అగ్నిభయము లేనిది గదా యనిన, దాని పని వేఱు. పిస్టను రింగుల ప్రక్కనుండి జారిన పొగ నది బయటికి తీసి ఎయిర్ క్లీనరునకు చేర్చును. పగిలినచో నూనెకంపు కారు లోనికి, రోడ్డు దుమ్ము ఇంజను లోనికి. లోపల ఉబ్బి మూసికొనిపోయినచో పొగ ఒత్తిడికి నూనె ప్యాకింగుల సందుల నుండి చిమ్మును. మనము ప్యాకింగులు మార్చుచు కూర్చుందుము. ఆ బ్రీదరు పైపునకు బదులు రేడియేటరు పైపు ముక్కను తొడుగువారు కలరు. నీటికి ఏండ్ల తరబడి నిలుచు ఆ రబ్బరు నూనె ఆవిరికి కొలది కాలములోనే జిగటలాడిపోవును.

దసరాకు దీఘాకో పూరీకో పోదలచి పాత బండ్లను తుడుచుకొనుచున్నవారు మన ఊర చాలమంది యున్నారు. గోల్‌బజారులో మీటరు లెక్కన కోసి యిచ్చు నల్లపైపు మీద ఏ అచ్చును లేనిచో దానిని కొనకుడు. ఇంధనమునకు తగినదను గుర్తును, తయారైన సంవత్సరమును పైపు ఒంటిమీదనే అచ్చువేసియుండవలెను. ఇథనాలునకు ఓర్చు ఫ్లోరో రబ్బరు పొర కలదని వ్రాసియున్నచో వెల హెచ్చైనను అదియే తీసికొనుడు. రబ్బరును కోసుకొనిపోవు పట్టీ క్లిప్పు గాక, అంచులు మడిచిన క్లిప్పు వేయించుడు. ట్యాంకు మూతి దగ్గర గాలి పోవుటకు సన్నని పైపు వేఱుగా నున్న బండ్లలో, డిక్కీ లోపలి అట్ట నూడదీసి దానిని కూడ చూపించుడు. మిస్త్రీలు సైతము మఱచునది అదియే.