ప్రవరుడి పాదాలకంటిన మంచు

మంచుకొండలు మన తెలుగువాళ్ళలో చాలామంది కంటితో చూసినవి కావు, కావ్యంలో చదివినవి. పదహారో శతాబ్దంలో అల్లసాని పెద్దన ‘మనుచరిత్ర’లో ప్రవరుణ్ణి హిమాలయాలకు పంపకపోతే, నిజామాబాదులో బి.ఎ. చదువుకున్న నాలాంటి వాళ్ళకి మంచుతో పరిచయమే లేకపోను.

పండితులు ఆ కథలో ప్రవరుడి నిగ్రహాన్ని మెచ్చుకుంటారు, వరూధిని మీద జాలిపడతారు. నా చూపు మాత్రం మంచు మీదే పడుతుంది. సిద్ధుడు కాళ్ళకు పూసిన పసరుతో ప్రవరుడు చిటికెలో కొండ చేరాడు. కళ్ళారా చూశాడు. మధ్యాహ్నమయ్యేసరికి ఇల్లు గుర్తొచ్చింది. మిగతా వింతలు రేపు చూడొచ్చులే అని వెనుదిరిగితే ఏముంది? మంచునీళ్ళకి పసరు కాస్తా కరిగిపోయింది! ఇక్కడ మంచు అలంకారం కాదండీ, కథ నడిపే పాత్ర. అది లేకపోతే ప్రవరుడు భోజనం వేళకి ఇంట్లో ఉండేవాడు, వరూధిని కంటపడేవాడే కాదు.

అంత గొప్ప కవి మీద నాకో ఫిర్యాదుంది. అంత మంచులో తిరిగినా ప్రవరుడి పళ్ళు ఒక్కసారైనా కటకటలాడవు! రాయలవారు ‘ఆముక్తమాల్యద’లో వానాకాలాన్ని వర్ణిస్తూ వంటింట్లోకి కూడా తొంగిచూశారు. తడిసిన కట్టెలు అంటుకోక, కాస్త నిప్పు కోసం ఇరుగింటికీ పొరుగింటికీ తిరిగే ఆడవాళ్ళ అవస్థ ఆయనకు తెలుసు. వాన ఆయన చూసిందే. పెద్దన మంచు మాత్రం ఎండలో మాడే దేశం కన్న కల. మనకి చల్లదనమంటే దీవెన కదా! ‘నీ కడుపు చల్లగా’ అంటాం, ‘చల్లని తల్లి’ అంటాం.

చలి అసలు రూపం తెలియాలంటే బోధన్ వైపు పుష్యమాసం తెల్లవారుజామున రండి. మా వాళ్ళు ‘ఇగం’ అంటారు, ఎముకల్లోకి దిగుతుంది. ఆ చలికే చెరుకులో తీపి పెరుగుతుంది, ఆ చలిలోనే చెరుకు కొట్టే ఆడవాళ్ళ చేతులు పగులుతాయి. ఒకే చలి, గడకి తీపి, చేతికి మంట. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక, ఫ్యాక్టరీ కూతతో చలికాలం మొదలయ్యే రోజులూ పోయాయి.

ఇప్పుడు మా పిల్లలే ప్రవరులు. కాలికి పసరు బదులు చేతిలో వీసా. మా స్నేహితురాలి కూతురు షికాగోలో ఉంటోంది. మొదటి ఏడు మంచు పడితే ఫోన్‌లో చూపించి చిన్నపిల్లలా గంతులేసింది. ఫిబ్రవరికి గొంతు మారింది. “పిన్నీ, పెందలాడే చీకటి పడిపోతుంది. పారతో మంచు ఎత్తిపోస్తేగానీ కారు కదలదు. కానీ రాత్రి మంచు పడుతుంటే ఆ నిశ్శబ్దం ఎంత బాగుంటుందో!” అంది. బాగుందంటూనే తిట్టుకోవడం, తిట్టుకుంటూనే కిటికీ దగ్గర నిలబడడం! వచ్చే ఏడు వచ్చేస్తామంటారు. ఈలోగా ఉద్యోగం, ఇంటి అప్పు, పిల్లల బడి. పసరు ఎప్పుడు కరిగిందో వాళ్ళకే తెలియదు.

పెద్దనకి చలి తెలియకపోవచ్చు, ఇది మాత్రం తెలుసు. మంచు మనల్ని చలితో కాదు, అందంతో పట్టుకుంటుంది. అందుకే ఫిర్యాదు పక్కన పెట్టి ఆయనకి దణ్ణం పెడతాను. ఇంకో సంగతి చూడండి. చివరికి ప్రవరుణ్ణి ఇల్లు చేర్చిందెవరు? అగ్నిదేవుడు. ఇంట్లో రోజూ వేల్చిన నిప్పే మంచుకొండ మీద ఆదుకుంది.

దూరాన మంచులో మీ పిల్లలుంటే ఈ చలికాలంలో ‘మనుచరిత్ర’ ఒకసారి తీయండి. ‘చల్లగా ఉండు తల్లీ’ అనబోయి, ‘వెచ్చగా ఉండు’ అని దీవించాలనిపిస్తుంది.