ఈ కథ ఎట్ల దొరికింది సార్?

పిల్లల పుస్తకాలు రాసేవాళ్లను బడికి పిలిస్తే పిల్లలు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "సార్, ఈ కథ మీకు ఎట్ల దొరికింది?" సూర్యాపేటలో అడుగుతారు, కోదాడలో అడుగుతారు, మిర్యాలగూడలో అడుగుతారు. పెద్దల సభలో ఇదే ప్రశ్న వస్తే సమాజం, విలువలు, సంస్కృతి అంటూ మొదలుపెడతాం. ఆ జవాబు పిల్లలకు అక్కరకు రాదు. వాళ్లు అడిగేది మన ఆశయాన్ని కాదు. ఏం చూశారు, ఎక్కడ చూశారు, ఆ తర్వాత ఏమైంది, అది కావాలి వాళ్లకు.

సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి ఉంది. కాకతీయుల నాటి శివాలయాల ఊరు. పదిహేనో శతాబ్దపు కవి పిల్లలమర్రి పినవీరభద్రుడి ఇంటిపేరు ఈ ఊరిదేనని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. తెల్లారితే జైమినీ భారతం రాజుగారికి అప్పగించాలనగా, రాత్రికి రాత్రి సరస్వతీదేవే వచ్చి రాసిపెట్టిందని ఆయన మీద ఒక కథ ప్రచారంలో ఉంది. నాకు చాలా ఇష్టమైన కథ. కానీ కథ రాద్దామని కూర్చున్న ఏడో తరగతి పిల్లకు ఇదే జవాబుగా చెబితే నోటుబుక్కు మూసేస్తుంది. సరస్వతి మా ఇంటికెందుకు వస్తుందిలే అనుకుంటుంది.

అందుకే మిర్యాలగూడ పిల్లలకు నేను నా నుసి కథ పుట్టిన సంగతి చెబుతాను. ఈ ఊళ్లో రైస్ మిల్లులు ఎన్ని ఉన్నాయో చెప్పక్కర్లేదు. ఉప్పుడు బియ్యం కోసం వడ్లు ఉడకబెట్టే బాయిలర్లలో ఊకే మండిస్తారు. గాలి ఇటు మళ్లిందంటే నల్లటి నుసి దండేల మీది బట్టలపై వాలుతుంది. ఒక డాబా మీద ఆరేసిన తెల్ల యూనిఫాం చొక్కా దగ్గర ఒక పాప నిలబడి ఉంది. నుసిని చేత్తో తుడవలేదు. తుడిస్తే నల్లగా గీత పడుతుందని ఆ పిల్లకు తెలుసు. వంగి, పెదాలు సున్నాలా చుట్టి, ఒక్కో చుక్కనూ ఉఫ్ మని ఊదింది. కాలర్ మడత విప్పి అందులోనూ ఊదింది. జేబు అంచు వేలితో ఎత్తి అక్కడా ఊదింది. నేను చూసింది అంతే. ఆ నుసి ఏ పొలంలో వడ్లగింజ మీద పొట్టుగా పుట్టిందో, సాగర్ ఎడమ కాలువ నీళ్లు తాగి ఎట్లా పెరిగిందో, ఏ ట్రాక్టరెక్కి మిల్లుకొచ్చిందో, అదంతా నేను కల్పించుకున్నాను.

ఇది చెప్పాక పిల్లలెవరూ నీతి ఏమిటని అడగరు. "మా మంచాల మీద కూడా పడ్తది సార్" అంటారు. ఒక పిల్లవాడు లేచి, "మా నాయిన బాయిలర్ కాడనే పనిచేస్తడు. రాత్రి డ్యూటీ చేసి వస్తే రెప్పల మీద గూడ ఉంటది" అన్నాడు. నా కథలో లేనిది, ఉండాల్సింది అదే. అది నువ్వే రాయాలి నాయనా అన్నాను. పిల్లల ముందు మన కథ పుట్టుక విప్పిచెప్పడంలో ఉన్న అసలు ప్రయోజనం ఇదేనని నా నమ్మకం. కథ తమ వాడలో కూడా పడి ఉంటుందని వాళ్లకు తెలుస్తుంది. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో తప్పిపోయి దొరికిన చెల్లెలు, కోదాడ పెద్ద చెరువు కట్ట, అన్నీ అప్పుడే గుర్తుకొస్తాయి.

ప్రపంచానికి తెలిసిన పిల్లల కథలు కూడా ఎక్కువగా ఇట్లాంటి చిన్న చోట్లనే మొదలయ్యాయి. 1893లో జబ్బుపడ్డ ఒక బాబుకు బియాట్రిక్స్ పాటర్ బొమ్మలతో ఉత్తరం రాసింది. అందులోని కుందేలే 1902లో పీటర్ రాబిట్ పుస్తకమైంది. జపాన్‌లో 1981లో తెత్సుకో కురోయానాగి తాను చదివిన బడి గురించి రాసిన తొత్తోచాన్ మనకు 'రైలుబడి'గా తెలుసు. రైలు పెట్టెల్లో తరగతులు నడిచిన బడి అది. పుస్తకం చివర ఆమె ఆ బడి గురించి, అప్పటి స్నేహితులు తర్వాత ఏమయ్యారో చెబుతుంది. కథంతా చదివిన పిల్లలు ఆ పేజీలను ఎంత ఆత్రంగా చదువుతారో చూసినవాళ్లకు తెలుసు.

మన దగ్గర ఆ పేజీలు లేవు. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది. పురస్కారం అందుకున్న రచయితలు తమ రచనల గురించి సభలో మాట్లాడతారు కూడా. వినేవాళ్లలో ఎక్కువమంది పెద్దలే. పుస్తకాలు తెరిస్తే ముందు రెండు మూడు ముందుమాటలు, అవీ పెద్దలు పెద్దల కోసం రాసినవే. పిల్లలు వాటిని దాటేసి బొమ్మ దగ్గరికి పోతారు. వాళ్లది తప్పు కాదు.

పిల్లల కోసం రాస్తున్న మిత్రులకు, వేస్తున్న ప్రచురణకర్తలకు నా విన్నపం ఒకటే. ఒక ముందుమాట తగ్గించండి. ఆ కాగితాన్ని పుస్తకం చివర పెట్టి, ఈ కథ నాకు ఎక్కడ దొరికిందో పిల్లలతో మాట్లాడినట్టు రాయండి. రచయితను పిలిచే పంతుళ్లు, పంతులమ్మలు కూడా శాలువాలు, ఉపన్యాసాలు పక్కనబెట్టి ఆ గంట మొత్తం పిల్లల ప్రశ్నలకే ఇవ్వండి.