విషూచి విషము: ఒక చిన్న వ్యాసము, దాని విలువ

కాలువనీటిని చెరువున నింపుకొని త్రాగు కలిదిండి వంటి కొల్లేటి పల్లెలకు విషూచి, అనగా కలరా, పుస్తకములలోని మాట మాత్రమే కాదు. కావున 1959లో కలకత్తా వైద్యుడు శంభునాథ్ డే ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన చిన్న వ్యాసమును మనము మరల పరిశీలించుట మంచిది.

కలరా క్రిమి ఒక విషమును స్రవించునని రాబర్ట్ కాక్ 1884లోనే తలచెను. అది ఋజువగుటకు 75 ఏండ్లు పట్టినది. కారణమేమి? పరిశోధకులు పలువురు దానిని జంతువుల నెత్తురులోనో, పొట్టలోనో ఎక్కించి చూచిరి. రోగము ప్రేగులో పుట్టునప్పుడు పరీక్షయు అచ్చటనే జరుగవలెను గదా! డే గారు కుందేలు చిన్నప్రేగులో కొంత భాగమును రెండువైపుల ముడివేసి, క్రిములను వడకట్టి తీసివేసిన ద్రవమును అందులో విడిచిరి. ఆ భాగము నీటితో ఉబ్బెను. క్రిమి లేకున్నను దాని విషమే చాలునని తేలినది. ఇంత సులభమైన ఉపాయముతో ఇంత పెద్ద చిక్కు విడుట అరుదు.

లోపము లేకపోలేదు. వడకట్టిన ద్రవము పలు పదార్థముల మిశ్రమము. అందు విషమును శుద్ధముగా వేరుచేసినవారు 1969లో ఫింకెల్‌స్టీన్, లోస్పల్లూటోలు. కావున తరువాతి ఫలితములన్నియు ఈ వ్యాసమునుండియే పుట్టినవనుట అతిశయోక్తి. దారి చూపినదనుట మాత్రము న్యాయము.

ఈ విషమున అయిదు ‘బి’ భాగములు ప్రేగుకణమును పట్టుకొనును. ‘ఎ’ భాగము లోపల చేరి, ఉప్పును నీటిని బయటికి విడుచు తూమును మూతపడనీయదు. అయితే చక్కెరతో కలిసి ఉప్పు లోనికి పోవు త్రోవ చెడదు. ఓ.ఆర్.ఎస్. పనిచేయుట ఈ త్రోవ వలననే. 1971లో బనగాఁవ్ కాందిశీకుల శిబిరమున దిలీప్ మహలనబిస్ దీనిని వాడగా, సుమారు 30 శాతముగా ఉన్న మరణములు 4 శాతమునకు లోపుగా తగ్గినవి. హానిచేయని ‘బి’ భాగమును ఒక టీకాలోనే చేర్చిరి. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసి, 2009లో అనుమతి పొందిన షాంకాల్ టీకా వేరుదారి పట్టినది: పాత టీకాలో విషమెక్కువగా స్రవించు క్రిమితెగను తొలగించి రూపొందించినది.

విరేచనములగు బిడ్డకు నీరు ఆపవలెనను మాట నేటికిని కొన్ని ఇండ్లలో వినబడుచున్నది. విషము మూయని త్రోవను మనమే మూయుట కాదా అది? పాఠకులు ఇరుగుపొరుగుల కీ సంగతి తెలుపుదురు గాక.