గోడ మీద ఎండీ-42

గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల మధ్య నాకు తెలిసిన సర్జికల్ షాపు ఒకటుంది. ఏ ఒక్క కంపెనీకీ ఏజెన్సీ కాదు. గోడకి ఫ్రేము కట్టిన ఎండీ-42 రిజిస్ట్రేషన్. వైద్య పరికరాల నిబంధనలు 2017వే అయినా, అమ్మేవాళ్లకు ఈ రిజిస్ట్రేషన్ 2022 సెప్టెంబరు సవరణతో వచ్చింది. అర్హత ఉన్న మనిషి ఉండాలి, సరుకు పద్ధతిగా నిలవ చేయాలి, కొన్నదీ అమ్మిందీ రాసుకోవాలి.

కాగితం సరే, పనితనం చూడాలి. మొన్న మిర్చి యార్డు నుంచి ఒక పెద్దాయన బీపీ మిషన్ కోసం వచ్చాడు. షాపాయన ముందు టేపు తీసి జబ్బ కొలిచాడు. "బాబాయ్, నీకీ పట్టీ చిన్నదవుద్ది. లేని బీపీ చూపిస్తది. పెద్ద పట్టీది తీసుకో." బ్యాటరీలు వేసి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చూసి, బిల్లు మీద సీరియల్ నంబరు రాశాడు. ఇంకా ఖరీదైంది అంటగట్టొచ్చు. అంటగట్టలేదు.

షుగరు స్ట్రిప్పులు మాత్రం లోపల ఏసీ గదిలోంచే తెస్తాడు. ఎక్స్‌పైరీ తేదీ వేలితో చూపించి, "బస్సులో ఎండవైపు పెట్టుకోకు" అంటాడు. మే నెల గుంటూరు మరి!