కన్యాశుల్కమున వేషమును వ్యక్తియు

గురజాడ కన్యాశుల్కమున శిష్యుడు ధరించిన స్త్రీవేషమును కేవల హాస్యసాధనముగా గ్రహించుట చాలదు. కరటకశాస్త్రి వానికి చీర గట్టించి, వెల నిర్ణయించి, లుబ్ధావధానులకు కన్యగా నిచ్చెను. పెండ్లినాడు వరునకు శంక పొడమలేదు. కన్య యనిపించుకొనుటకు చీరయు, పెద్దల మాటయు, వెలయు చాలినవి. అందును వెలయే ప్రధానమని నా యభిప్రాయము.

1909 నాటి ద్వితీయముద్రణమున మధురవాణి పురుషవేషమున సౌజన్యారావును దర్శించు ఘట్టము దీనికి ప్రతిబింబము. వేశ్యాసంపర్కమును పరిహరించు నా వకీలు, పురుషుడను నమ్మికతో నామె తర్కమును సావధానముగా వినెను. వాక్కు నామెదే, యుక్తియు నామెదే; వస్త్రము మాత్రమే యెరువు.

అయినను వేష మిరువురకును సమానఫలము నీయలేదు. శిష్యుడు చీర విడిచి స్వేచ్ఛగా వెడలిపోయెను. వేషము తొలగినంతనే మధురవాణి సౌజన్యారావు కంటికి మరల వేశ్యయే యయ్యెను. ఇక వెలకు విక్రయింపబడి విధవయైన బుచ్చమ్మకు మార్చుకొన వేషమే లేదు.