చౌడు మిద్దెకు కొత్త గది

పాత మిద్దెను పెంచిన మేస్త్రి పనితనం తెలియాలంటే కొత్త గోడ నునుపు చూస్తే చాలదు, నిచ్చెన వేసుకుని పైకెక్కాలి. 2022లో అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయిన ఉమ్మడి అనంతపురం మెట్టసీమలో ఏడాదికి కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్లే. అయితే సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒక్క రాత్రి దంచి కొట్టిందంటే కప్పు సంగతి తేలిపోతుంది.

చౌడు మిద్దె కప్పు కట్టే వరుస ఇది: రాతిగోడల మీద దూలాలు, వాటిపై అడ్డంగా దంతెలు, దంతెల మీద కట్టెలో బండలో, ఆపైన ఆకు, మట్టి, ఆఖరున చౌడు. చౌడులో సోడియం ఎక్కువ. తడిస్తే దాని సన్నని రేణువులు విడివడి సందులన్నీ పూడుస్తాయి, ఇక నీరు కిందికి దిగదు. పొలంలో పైరును చంపే గుణమే ఇక్కడ ఇంటిని కాస్తుంది.

గది కలిపేటప్పుడు మంచి మేస్త్రి కొత్త దూలం బరువును పాత గోడ మీద మోపడు. మట్టి అడుసుతో కట్టిన పాత గోడ కుంగాల్సినంతా ఏనాడో కుంగింది. కొత్తది ఇంకా కుంగాలి. రెండింటినీ బిగిస్తే బీట తప్పదు. అందుకే కొత్త గోడకు దాని పునాది దానికే. పైన రెండు కప్పులు కలిసే చోట చౌడు మందంగా పోసి, నీరు అక్కడ నిలవకుండా రెండు వైపులా తూములకు వాలు ఇస్తాడు.

పాత గోడలో గుమ్మం తెరవడం ఇంకా నేర్పు పని. ముందే రాళ్లు పీకేస్తే పైభాగం కూలుతుంది. గోడ మందంలో సగం తొలిచి ఒక బండ దూర్చి, పైన బిగించాక అవతలి సగంలో మరో బండ. రెండూ బరువు మోస్తున్నాయని తేలాకే కింది రాళ్లు తీస్తాడు. కొత్త గదితో కిటికీ మూసుకుపోయి నడిమిల్లు చీకటైతే కప్పులో వెలుతురుకు గవాచి అనే కంత పెట్టి, వాన లోపలికి రాకుండా చుట్టూ గట్టు లేపుతాడు.

గోడలకు సిమెంటు పూయకపోవడమూ పనితనమే. సిమెంటు చెమ్మను బయటికి పోనివ్వదు. లోపలి మట్టి మెత్తబడి పూత పెచ్చులూడుతుంది. సున్నమైతే గోడ ఆరుతుంది.

ఇంత చేసినా, వానలకు ముందు ఏటా చౌడు ఎక్కించాల్సిందే. ఆ ఓపిక లేనివాళ్లు కొత్త గదికి వేరే కప్పు వేసుకోవచ్చు. పాత మిద్దె మీద మాత్రం కాంక్రీటు పోయొద్దు, ఆ బరువు మట్టి అడుసుతో కట్టిన గోడ ఎరగనిది.