మన్యం చలిని చదివే విద్య

అక్టోబరు సగం దాటేసరికి నైరుతి రుతుపవనాలు మన రాష్ట్రాన్ని వదిలి వెళ్తాయి. అక్కణ్నుంచి సంక్రాంతి దాకా, మన్యంలో ఉన్నన్నాళ్లూ నాకు ఇష్టమైన పని ఒకటే. సాయంత్రం బయట నిలబడి, రేపు తెల్లవారుజామున చలి ఎలా ఉంటుందో అంచనా కట్టడం. సెల్‌ఫోన్ ఒక అంకె చెబుతుంది. కానీ అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో ఊరంతటికీ ఒకే చలి ఉండదు. పల్లంలోని వరిమడిది ఒక చలి, పైనున్న కాఫీతోటది ఇంకొకటి. ఆ తేడా పసిగట్టడం నాకు నేర్పింది అక్కడి గిరిజన రైతులే.

ముందు ఆకాశం చూడమంటారు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉండి మబ్బు పట్టిందంటే, నవంబరైనా ఆ రాత్రి వెచ్చగానే గడుస్తుంది. నేల నుంచి లేచే వేడిని మబ్బు పోనివ్వదు. వాన వెలిసి, మబ్బు విడిపోయి, చుక్కలన్నీ తేటగా కనిపించే రాత్రి అసలు చలి మొదలవుతుంది.

తరువాత పొయ్యిల పొగ. అది పైకి లేచి చెదిరిపోతే ఫరవాలేదు. ఇంటికప్పులు దాటగానే ఆగి, లోయ పొడవునా పరుచుకుందంటే తెల్లారేసరికి పొగమంచు దిగే అవకాశం ఎక్కువ. పొద్దు వాలాక కొండవాలు మీది గాలి చల్లబడి, బరువెక్కి, నీళ్లు పారినట్టు పల్లానికి పారుతుంది. దాని మీద వెచ్చటి గాలి మూతపడి పొగను ఎగరనివ్వదు. అందుకే లోయ అడుగు ముందు చల్లబడుతుంది, మంచూ అక్కడే కమ్ముకుంటుంది. పాడేరు దగ్గర వంజంగి కొండెక్కినవాళ్లకు తెల్లవారుజామున మబ్బులు కాళ్ల కింద కనిపించేది ఇందుకే. సుమారు 1000 మీటర్ల ఎత్తులోని లంబసింగిలో గడ్డి మీద మంచు గడ్డకట్టేది కూడా ఇలాంటి గాలి ఆడని, మబ్బులేని రాత్రుల్లోనే.

ఇక పొలాలు. చలి ముదిరే వేళకు నూనెగింజల పంట అయిన వలిసెలు పూసి అరకు లోయ పసుపుపచ్చగా మారుతుంది. వలిసె మొక్క తన పుప్పొడితో తాను గింజ కట్టదు, పక్క మొక్క పుప్పొడి కావాలి. అది మోసుకొచ్చేవి తేనెటీగలు. చలి పెరిగేకొద్దీ అవి పొద్దెక్కాక గానీ పూల మీద వాలవు. పొలంలో ఆ ఝుంకారం ఏ వేళకు మొదలైందో వింటే చలి ఎంత దిగిందో తెలుస్తుంది.

అదే రోజుల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ కాయ ఎర్రబడుతుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు వ్యాలీ అరబికా ఇదే. ఒకే కొమ్మ మీద పచ్చికాయా, పండూ పక్కపక్కన ఉంటాయి కాబట్టి పండినవి మాత్రమే ఏరుకుంటూ అదే చెట్టు దగ్గరకు మళ్లీ మళ్లీ వెళ్లాలి. తొక్క తీసి, పులియబెట్టి, కడిగిన గింజ ఎండలో ఆరాలి. మంచు విడవడం ఆలస్యమైతే ఆరబెట్టే గంటలు తగ్గిపోతాయి. తడి ఆరని గింజకు బూజు పడుతుంది, రుచి చెడుతుంది. సాయంత్రం రైతు పొగ వంక చూసేది రేపటి పని ఏ వేళకు మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి.

ఈ గుర్తుల్లో ఏ ఒక్కటీ విడిగా నమ్మదగింది కాదని నాకు ఏళ్ల మీద అర్థమైంది. మబ్బు, పొగ, పువ్వు, తేనెటీగ, కాయ అన్నీ కలిపి చూసినప్పుడే అంచనా నిలబడుతుంది. ఆ కలిపి చూడడంలోనే గిరిజన రైతుల నేర్పు ఉంది.

చింతపల్లిలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉష్ణోగ్రతలు నమోదు చేస్తుంది. దానికి తోడుగా మన్యం బడిపిల్లలు కూడా ఒక పుస్తకం పెట్టాలని నా కోరిక. మొదటి పొగమంచు ఏనాడు దిగింది, వలిసె ఏనాడు పూసింది, మొదటి కాఫీ పండు ఏనాడు ఎర్రబడింది, ఇంట్లో పెద్దలను అడిగి రాయాలి. ఏటేటా ఆ తేదీలు పక్కపక్కన పెడితే వాతావరణం ఎటు పోతోందో వాళ్ల ఊరి లెక్కతోనే తెలుస్తుంది. ఉపాధ్యాయులెవరైనా ఇది చదువుతుంటే ఈ చలికాలమే మొదలుపెట్టండి.